తగ్గని డెబ్బై వాట్లు

పిల్లలూ, మీకొక బాబాయి ఉండేవాడని మీకు తెలియదు. మీ నాన్నకి సొంత తమ్ముడు. ఈ ఇంట్లో అతని ఫోటో లేదు, అతని మాటా లేదు. ఆ పేరెత్తితే మీ నాన్న రెండు రోజులు భోజనం ముట్టరు కాబట్టి నేనూ నోరు కట్టేసుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు మీరిద్దరూ ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కునే వయసుకొచ్చారు. ఇక చెప్పకపోతే తప్పు. ఇలా దగ్గరగా కూర్చోండి. లైటు అలాగే ఉండనివ్వండి.

అప్పుడు మేమున్నది మనవాళ్ళంటూ ఒక్కరూ లేని ఊరు. వరసగా అతుక్కుని కట్టిన ఇళ్ళలో ఆఖరిది మాది. కింద హాలు, వంటగది. పైన రెండు గదులు. మెట్ల కింద ఓ చిన్న కొట్టు. వంగితే తప్ప లోపలికి పోలేం. చీపుళ్ళు, బకెట్లు, పాత చెప్పులు అందులోనే. కరెంటు బోర్డూ అందులోనే. ఎండాకాలంలో కూడా ఆ కొట్టు తలుపు తీస్తే తడి సున్నం వాసన వచ్చేది.

మీ నాన్న సిటీ బస్సు నడిపేవారు. నేను మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో పోసేదాన్ని. పాపా, నీకు మూడో ఏడు నడుస్తోంది. బాబూ, నువ్వింకా నా కడుపులో ఉన్నావు. నా సంగతి మీకు తెలిసిందేగా. బల్ల మూలలకి స్పాంజి ముక్కలు, ప్లగ్గు రంధ్రాలకి మూతలు, తలుపు సందుల్లో మడతపెట్టిన గుడ్డలు. మీ బాబాయి సామాను తీసుకుని మా ఇంటికొచ్చిన రోజే చుట్టూ చూసి, "వదినా, ఇది ఇల్లా, గాజు సామాను ప్యాకింగా?" అన్నాడు.

అతను ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే మెకానిక్. వేరే గది దొరికేదాకా మాతోనే ఉంటానని వచ్చాడు. వచ్చాక వెళ్ళమని మేమూ అనలేదు. పాపా, నువ్వు అతని భుజం దిగితేగా!

కరెంటు బిల్లు చూసినప్పుడల్లా మీ నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసేవారు. ఉన్నది ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల. ఏం వాడేశామని అంత? ఒక సాయంత్రం మీ బాబాయి అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇదేంటయ్యా?"

"గూఢచారి. నీ ఇంట్లో దొంగలెవరో పట్టిస్తుంది."

బోర్డులోకి వచ్చే లావుపాటి వైరు చుట్టూ ఓ క్లిప్పు తగిలించాడు. బట్టలారేసే క్లిప్పుకి అన్నలా ఉంది అది. ఆ క్లిప్పు దగ్గర్నుంచి గాలిలోనే ఈ డబ్బాకి కబురొస్తుందట. ఇల్లంతా కలిపి ఆ క్షణంలో ఎన్ని వాట్లు తాగుతోందో డబ్బా మీద అంకె కనిపిస్తుంది. బ్యాటరీలతో పనిచేస్తుంది కాబట్టి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు.

ఇక చూడండి నా అవస్థ. నాలాంటి దాని చేతికి అలాంటి వస్తువివ్వచ్చా? ఆ అంకె పట్టుకుని ఇల్లంతా తిరిగాను. కెటిల్ పెడితే రెండు వేలు దాటేది. ఇస్త్రీపెట్టె వెయ్యి. టీవీ ఆపేశాం అనుకుంటే ఆ ఎర్ర చుక్క వెనకాల ఎనిమిది. అందరికంటే గజదొంగ నీళ్ళ హీటరు. పగలంతా ఎవరూ స్నానం చెయ్యకపోయినా తనలో తాను నీళ్ళు కాచుకుంటూ కూర్చునేది. దాని వేడి తగ్గించి, పొద్దున ఒక్కసారే వెలిగేలా టైమరు పెట్టాం. ఫ్రిజ్జు తలుపు రబ్బరు సాగిపోయి చల్లదనం బయటికి పోతోందని మీ బాబాయి కొత్త రబ్బరు వేశాడు. ఫ్రిజ్జు అస్తమానం తిరగడం తగ్గింది. బిల్లు సగానికి పడింది. మీ నాన్న కళ్ళజోడు తుడుచుకోవడం మానేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నాలు మీ బాబాయి, నువ్వు కలిసి ఓ ఆట మొదలుపెట్టారు. సున్నా ఆట. ఇంట్లో ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోవాలి. డబ్బా నీ చేతిలో. నీకు అంకెలు సరిగ్గా రాకపోయినా "తగ్గింది బాబాయ్!" అని అరిచేదానివి. అన్నీ ఆపేసి, ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పీకేసి, చివరికి బోర్డులో ఒక్కో మీటా కిందికి దించేవాడు. అంకె దిగుతూ దిగుతూ డెబ్బై దగ్గర ఆగేది. అక్కణ్ణుంచి చచ్చినా కదలదు.

ఎందుకంటే ఒక మీట మిగిలేది. వరసలో ఆఖరిది. మిగతా వాటికి కింద వంటగది, హాలు, హీటరు అని నేనే కాగితాలు అంటించాను. దానికి మాత్రం ఏమీ లేదు. పైన నల్ల టేపు పొరలు పొరలుగా చుట్టి ఉంది. ఇల్లు అద్దెకిచ్చినప్పుడు ఇంటావిడ, ముసలావిడ, కొట్టు గుమ్మంలోంచే వేలు చూపించి చెప్పింది. "ఆ చివరిది ముట్టుకోకండమ్మా. దానికేం లేదు."

మీ బాబాయికి అదే పట్టుకుంది.

"ఏమీ లేనిది డెబ్బై వాట్లు ఎలా తాగుతుంది వదినా? రాత్రీ పగలూ, ఏడాది పొడుగునా."

"తాగనీ. ఆవిడ వద్దంది."

"ఏమీ లేనిదాన్ని ఆపితే ఏం పోతుంది?"

"ఏమీ లేకపోతే ఎందుకు వద్దంటుంది? ముందు ఆవిణ్ణి అడుగుతానుండు."

"అడుగు, అడుగు. ఈలోగా ఆవిడ తన ఇంటి దీపాలు మన బిల్లుతో వెలిగించుకుంటుంది."

ఆ ఆదివారం మబ్బు పట్టి ఉంది. మీ నాన్న డ్యూటీలో ఉన్నారు. ఆట ఆడి ఆడి మీరిద్దరూ కొట్టు దగ్గరికి చేరారు. అతను లోపల వంగి నిలబడ్డాడు. నువ్వు గుమ్మంలో కూర్చుని కాళ్ళు లోపలికి చాపావు, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. నేను హాల్లో ఇంటావిడకి ఫోను చేస్తున్నాను. మోగుతోంది. ఎవరూ తియ్యడం లేదు. లోపల టేపు చిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఏయ్, ఆగమన్నానా!"

టక్.

"సున్నా!" అని నువ్వు చప్పట్లు కొట్టావు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఒక సన్నటి రొద వింటూనే ఉన్నాను. తుమ్మెద గోడలో ఇరుక్కున్నట్టు. ఎప్పుడూ ఉండేది కాబట్టి చెవికి ఆనలేదు. ఇప్పుడది ఆగింది. ఇల్లు మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది.

తర్వాత వాసన. తడి సున్నం కాదు. ఇనుము తుప్పు, కాలిన వెంట్రుకలు, వాటి అడుగున తీపిగా ఏదో... చాలా రోజులు మూతపెట్టి మర్చిపోయిన మాంసంలాంటిది.

"బాబాయ్, ఎక్కుతోంది," అన్నావు నువ్వు.

నేను నీ వెనక్కొచ్చి చూశాను. నాలుగు. పదకొండు. ముప్ఫై. మీటలన్నీ కిందికే ఉన్నాయి. కరెంటు పోయే దారే లేదు. మీ బాబాయి క్లిప్పు కదిపి చూశాడు. "వదులైందేమో..." అన్నాడు. కానీ అతని మొహంలో నవ్వు లేదు. పని తెలిసినవాడు కదా.

గోడ అవతల ఎవరో మోకాలితో గుద్దినట్టు ఒక దెబ్బ.

అంకె నాలుగు వందలకి ఎగిరి మళ్ళీ సున్నాకి పడింది.

ఇంకో దెబ్బ. తొమ్మిది వందలు. సున్నా.

"గోడలో ఎవరు బాబాయ్?"

"పాపని తియ్యి వదినా," అన్నాడు మెల్లగా. "చప్పుడు చెయ్యకుండా తియ్యి."

నేను నీ చంకల కింద చేతులేశాను. అంతలో గోడ కింది భాగం ఉబ్బింది. పెచ్చులు చిట్లాయి. ఆ బెజ్జంలోంచి ఒక చెయ్యి వచ్చింది. చెయ్యి అనే అంటాను, ఇంకేమనాలో తెలీదు. తడి సున్నం రంగు. వేళ్ళకి గోళ్ళు లేవు. మోచెయ్యి ఉండాల్సిన చోటు దాటి ఇంకా వస్తూనే ఉంది. అది నీ కుడి కాలు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

నీ కాలు మోకాలిదాకా గోడలోకి పోయింది. లోపల కటుక్కుమని ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పాపా, ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇవాళ్టికీ పోలేదు. నువ్వు అరిచిన అరుపు అసలు మనిషి గొంతులా లేదు. నేను వెనక్కి లాగుతున్నాను. అది లోపలికి లాగుతోంది. మధ్యలో నువ్వు. ఇంకాస్త గట్టిగా లాగితే నువ్వే తెగిపోతావేమోనని భయం. వదిలితే...

మీ బాబాయి పైపు రెంచి తీసుకుని ఆ చేతి మీద కొట్టాడు. ఒక దెబ్బకి వేలు నలిగి నల్లటి జిగురు చిమ్మింది. ఇంకో దెబ్బకి మణికట్టు వంగిపోయింది. అయినా పట్టు వదల్లేదు. విరిగిన వేళ్ళతోనే ఇంకా పైకి పాకుతోంది. అతను రెంచి పారేసి బోర్డు మీదికి దూకాడు. ఆఖరి మీట పైకి నెట్టాడు.

రొద మొదలైంది. చెయ్యి సడలింది.

మీట టక్కున కిందికి పడింది. చెయ్యి మళ్ళీ బిగిసింది. నువ్వు మళ్ళీ అరిచావు.

మళ్ళీ నెట్టాడు. మళ్ళీ పడింది. అప్పుడతను బొటనవేలు మీట కింద పెట్టి, వదలకుండా, పైకి అదిమి పట్టుకున్నాడు.

పట్టు వదిలి నీ కాలు బయటికొచ్చింది. చర్మం సగం అక్కడే ఉండిపోయింది.

"పట్టుకుపో వదినా."

"నువ్వూ రా!"

"నేనొదిలితే ఇది ఆగదు. కడుపుతో ఉన్నదానివి... పో అంటున్నానా!"

అతనికి ఎదురుగా, బోర్డు పక్కన, గోడ ఇంకోచోట పగిలింది. ఈసారి రెండు చేతులు. ఒకటి అతని జుట్టు పట్టుకుని మొహాన్ని బోర్డుకేసి మోదింది. ముక్కు చిట్లింది. రెండోది అతని బొటనవేలు వెతుక్కుంది. తొందరేం లేదన్నట్టు వెనక్కి వంచింది. విరిచింది. మీట జారబోయింది. అతను పక్క వేలు పెట్టాడు. అదీ విరిచింది. ఇంకో వేలు పెట్టాడు.

నిన్నెత్తుకుని పరిగెత్తాను, వీధి తలుపు నా వెనకాలే మూసేశాను. మీ బాబాయిని అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఇప్పుడు మళ్ళీ అదే జరిగినా అలాగే పరిగెడతాను. మీరు కూడా రేపు తల్లిదండ్రులయ్యాక అలాగే చేస్తారు. చెయ్యాలి.

వీధిలో వెలుతురు ఇంకా ఉంది. ఎదురింటాయన చెట్లకి నీళ్ళు పోస్తున్నాడు. నా చీరంతా నీ రక్తం. ఆయన పైపు పారేసి పరిగెత్తుకొచ్చాడు, అంబులెన్సు కోసం కేకలేశాడు. నాకవేవీ సరిగ్గా వినపడలేదు. ఎందుకంటే నువ్వు ఆ డబ్బాని గుండెకి హత్తుకుని ఉన్నావు. అంత నొప్పిలో కూడా దాన్ని వదల్లేదు. దాని అంకె నాకు కనిపిస్తోంది.

డెబ్బై.

సున్నా. లోపలినుంచి మీ బాబాయి కేక.

డెబ్బై.

సున్నా. ఈసారి కేకలో మాట కూడా ఉంది. అమ్మా అన్నాడు.

డెబ్బై. చాలాసేపు డెబ్బై. నిలబెట్టుకున్నాడు అనుకున్నాను. భుజం పెట్టాడో, తల పెట్టాడో...

సున్నా. ఏదో బరువైనది గోడకి కొట్టుకున్న చప్పుడు. మళ్ళీ. మళ్ళీ. కొట్టిన ప్రతిసారీ మెత్తబడుతున్న చప్పుడు. ఎదురింటాయన తలుపు వైపు చూశాడు. "లోపల ఎవరమ్మా?" అన్నాడు. నేను అంకె మీంచి కళ్ళు తీయలేదు. సున్నా దగ్గరే ఉంది. కొట్టు తలుపు ఫెళ్ళుమంది. హాల్లో ఏదో నేల మీద పాకుతూ వీధి గుమ్మం వైపు వస్తోంది... తడి గుడ్డ ఈడ్చినట్టు... తలుపు కింది సందులోంచి చల్లటి గాలి నా పాదాలకి తగిలింది...

డెబ్బై.

పాకుడు ఆగింది. గుమ్మానికి ఇవతల నేను, అవతల అది. నా అరచెయ్యి నీ నోటి మీద ఉంది.

డెబ్బై. డెబ్బై. డెబ్బై.

ఆ చప్పుడు మెల్లగా వెనక్కి పోయింది. కొట్టు తలుపు మూసుకుంది. ఇక కేకలేవీ లేవు.

మీ నాన్న, పోలీసులు కలిసి తలుపు తీశారు. కొట్టులో గోడకి చిన్న బీట కూడా లేదు. పెచ్చు ఊడలేదు. మూలల్లో సాలెగూళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. వంగిపోయిన రెంచి నేల మీద ఉంది. ఆఖరి మీట పైకే ఉంది. దాని మీద ఎండిన రక్తం, దానికి అతుక్కుని ఒక పన్ను. మీ బాబాయి మాత్రం లేడు. పోలీసులు గోడ తవ్వుతామన్నారు. తవ్వొద్దని నేను కాళ్ళు పట్టుకుని బతిమాలాను. మతి చలించిందనుకున్నారు. చివరికి పక్క ఇంట్లోంచి గోడ తట్టి చూసి, వెనక ఖాళీ ఏమీ లేదు, పూర్తిగా ఇటుకే అని రాసుకుని వెళ్ళిపోయారు. మనిషి కనపడటం లేదని కేసు కట్టారు. ఆ కేసు ఇంకా అలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం ఇంటావిడ వచ్చింది. నీ కాలి గురించి అడగలేదు. మీ బాబాయి గురించి అడగలేదు. తిన్నగా కొట్టులోకి తొంగి చూసి, కొత్త నల్ల టేపు తీసి, రక్తం తుడవకుండానే మీట చుట్టూ చుట్టింది.

"అది పైకే ఉందిగా," అంది. "అంతే చాలు."

మీ నాన్న ఆవిడ మీదికి వెళ్ళారు. పీక పట్టుకుని గోడకి నొక్కారు. మీ నాన్న చేత్తో దోమని చంపడం కూడా మీరెప్పుడూ చూసి ఉండరు. నేను అడ్డం పడకపోతే ఆ రోజు ఆవిడ బతికేది కాదు. ఆవిడ దగ్గుతూ ఒక్క మాటంది. "మా ఆయన కూడా ఆ మీటని అలాగే పట్టుకున్నాడు బాబూ."

ఆ వారంలోనే ఊరు వదిలేశాం. పాపా, నీ కాలి మచ్చ వేడినీళ్ళు పడ్డది కాదని ఇప్పుడు తెలిసిందిగా.

కానీ నేను ఆ ఇంటిని వదల్లేదు. ఇంటావిడ పోయింది. ఇల్లు చేతులు మారింది. ఎవరు దిగినా నెంబరు సంపాదించి ఫోను చేస్తాను. ఆఖరి మీట ముట్టుకోకండి, అంటాను. కొందరు నవ్వారు. కొందరు పిచ్చిదాన్నని ఫోను పెట్టేశారు. అయినా వినేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తాను. పరాయి వాళ్ళయినా వాళ్ళ పిల్లలూ పిల్లలే. అదొక్కటే కాదు. మీట దించితే మీ బాబాయి అంత బాధా పడింది దేనికి?

ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది చంటిపిల్లాడి తల్లి. మంచి పిల్ల. నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. నిన్న తనే నాకు ఫోను చేసింది.

"ఆంటీ, ఒక సందేహం. ఆఖరున టేపు చుట్టిన మీట ఒక్కటే ఉందని మీరన్నారు కదా?"

"అవునమ్మా. వరసలో ఆఖరిది. దాని తర్వాత చోటే లేదు."

"ఇక్కడ రెండున్నాయి ఆంటీ. పక్కపక్కనే. రెండోదానికి టేపు లేదు. తాకితే వెచ్చగా ఉంది."

పైకే ఉందా అని అడిగాను.

"అది తనంతట తనే కిందికి దిగుతోంది ఆంటీ. ఒక్కసారిగా కాదు. రోజూ కొంచెం కొంచెం... చెయ్యి నొప్పెట్టినవాళ్ళు దించినట్టు. పొద్దున్నే మా ఆయన పైకి నెడుతున్నాడు. మళ్ళీ దిగుతోంది."

లోపల మీ బాబాయి ఇంకా పట్టుకునే ఉన్నాడు, చెయ్యి అలిసిపోతోంది. నెడుతూనే ఉండమని చెప్పాను. పిల్లా, ఒక్క పూట కూడా మానకమ్మా, రెండింటినీ చూసుకో, అని చెప్పాను. సరేనంది. కానీ వాళ్ళెన్నాళ్ళుంటారు? నేనెన్నాళ్ళుంటాను?

అందుకే పిల్లలూ, ఆ ఇంటి చిరునామా ఇద్దరికీ ఇస్తాను. నా తర్వాత ఫోను చెయ్యాల్సింది మీరే. అక్కడ ఎవరుంటే వాళ్ళకి చెప్పండి. వాళ్ళు నవ్వినా చెప్పండి. రేపు మీకు పుట్టే పిల్లలకీ చెప్పి, వాళ్ళనీ చెప్పమనండి. ఆ రెండోది కిందికి దిగనివ్వద్దనండి.